పచ్చిక నష్టపరిహారం: ఆగిన దరఖాస్తు ఎలా కదిలింది

టెక్సస్‌లో మేకలు పెంచే మాకు 2022 కరువు చుక్కలు చూపించింది. కౌలుకు తీసుకున్న పచ్చిక మాడిపోయింది, దాణా ధర కొండెక్కింది. అమెరికా వ్యవసాయ శాఖకు ఇలాంటి నష్టానికి సాయమందించే పథకం ఉంది. ఆవులు, గొర్రెలతో పాటు మేకలకూ అది వర్తిస్తుంది. ప్రతి గురువారం వెలువడే జాతీయ కరువు పటంలో మా కౌంటీ (మన జిల్లా లాంటిది) అర్హత స్థాయిని ఎప్పుడో దాటింది. అయినా నా దరఖాస్తు ఆగిపోయింది.

కారణం అడిగి తెలుసుకున్నాను. మా కౌలు భూమిలో ఒక ముక్క పాత కౌలుదారు పేరిట, ఎండుగడ్డి కోసే పొలంగా నమోదై ఉంది. ఈ పథకం మేత మేసే భూమికే గాని, గడ్డి కోసి అమ్మే పొలానికి కాదు!

యజమానితో మాట్లాడి రాతపూర్వక కౌలు ఒప్పందం తెచ్చుకున్నాను. భూమి పటం మీద మా కంచె హద్దులు గుర్తించి, ఏ భూమిని దేనికి వాడుతున్నామో వ్యవసాయ శాఖకు తెలిపే విస్తీర్ణ నివేదికలో వాడకం ‘మేత’ అని సరిచేయించాను. మందల ఫోటోలు, దాణా రసీదులు, కొనుగోలు కాగితాలు జతచేశాను. కరువు మొదలవడానికి ముందు 60 రోజుల్లో పశువులు మన దగ్గర ఉన్నట్టు చూపాలి కాబట్టి, తేదీలున్న కాగితాలే ఎక్కువ అక్కరకొచ్చాయి.

దరఖాస్తు కదిలింది. లెక్కగట్టిన నెలసరి మేత ఖర్చులో 60 శాతం వరకే ఇస్తారు. అయినా ఆ డబ్బుతోనే తల్లి మేకలను అమ్ముకోకుండా నిలుపుకున్నాం. కౌలు భూమిలో మేపేవారు కరువు రాకముందే ఆ భూమి నమోదును ఒకసారి సరిచూసుకోండి.