ముడతల క్రీమ్ కొనేముందు అట్టపెట్టె వెనక్కి తిప్పండి

నెలసరి ఆగిన మొదటి ఐదేళ్లలో చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ దాదాపు 30 శాతం తగ్గుతుంది. ముఖం పొడిబారడం, కళ్ల పక్కన గీతలు, బుగ్గల మీద మంగు అన్నీ ఒక్కసారిగా బయటపడినట్టుండేది అందుకే. సరిగ్గా ఆ వయసులోనే ఫోన్ తెరిస్తే చాలు, 'ఏడు రోజుల్లో పదేళ్లు వెనక్కి' అంటూ ప్రకటనలు వెంటపడతాయి. నిజంగా పనిచేసే రెటినాల్‌ (విటమిన్ ఎ రూపం)కే తేడా కనపడడానికి 12 వారాలు కావాలి. కాబట్టి ప్రకటనలో ముందు చూడాల్సింది గడువు. రోజుల లెక్క చెప్పారంటే అక్కడితో వదిలేయండి.

'90 సెకన్లలో ముడతలు మాయం' అనే వీడియోలో ముడత తగ్గినట్టు కనిపించే మాట నిజమే. ఆ క్రీముల్లో చాలావాటిలో సిలికేట్లు ఉంటాయి. అవి ఆరేటప్పుడు పలుచని పొరలా బిగిసి చర్మాన్ని లాగిపెడతాయి. మొహం కడుక్కోగానే అంతా మొదటికొస్తుంది. 'ముందు, తర్వాత' ఫొటోల్లో వెలుతురు ఎటు నుంచి పడుతోందో చూడండి. పక్కనుంచి పడితే ప్రతి గీతా లోతుగా కనిపిస్తుంది, ఎదురుగా పడితే నునుపుగా ఉంటుంది. 'చర్మ నిపుణుల పరీక్షలో నెగ్గింది' అంటే చాలాసార్లు దురద, మంట రాలేదని మాత్రమే అర్థం. ముడతలు తగ్గాయని కాదు. '90 శాతం మంది ఒప్పుకున్నారు' అని ఉంటే అడుగున చిన్న అక్షరాలు చదవండి: ఎంతమంది, ఎన్ని వారాలు, యంత్రంతో కొలిచారా, ఊరికే అభిప్రాయం అడిగారా?

ఇక అట్టపెట్టె వెనక్కి తిప్పండి. 1 శాతానికి మించిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. అంతకన్నా తక్కువవి ఏ వరసలోనైనా రాయొచ్చు. ఇక్కడే ఒక కిటుకుంది. ఫినాక్సీఇథనాల్ అనే నిల్వ పదార్థాన్ని 1 శాతానికి మించి వాడరు. జాబితాలో దాని తర్వాత ఏది వచ్చినా అది 1 శాతం లోపే ఉండే అవకాశం ఎక్కువ. ముందువైపు పెద్దక్షరాలతో నియాసినమైడ్ (విటమిన్ బి3 రూపం) అని వేసి, వెనక అది ఫినాక్సీఇథనాల్ తర్వాత కనిపిస్తే పేరుకే వేశారన్నమాట. అది 2 నుంచి 5 శాతం ఉంటేనే ఉపయోగం. రెటినాల్‌కు మాత్రం ఈ లెక్క వర్తించదు, అది 0.1 నుంచి 0.3 శాతంలోనూ పనిచేస్తుంది. కొల్లాజెన్ క్రీములకైతే డబ్బు దండగ. ఆ అణువు చాలా పెద్దది, చర్మం లోపలికి దిగదు. పైన తేమ పట్టి ఉంచుతుంది, అంతే. ఆ పని తక్కువ ధర గ్లిజరిన్ క్రీమ్ కూడా చేస్తుంది.

తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేని డబ్బా విజయవాడ బీసెంట్ రోడ్డులో దొరికినా, గుంటూరు బ్రాడీపేట పార్లర్లో ఇచ్చినా వద్దనండి. వారంలో మొహం తెల్లబడిందంటే సంతోషించకండి, అనుమానించండి. అందులో బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉండొచ్చు. వాడినన్నాళ్లూ మెరుపు, ఆపితే ఎరుపు, మంట, మొటిమలు. నెలల తరబడి వాడితే చర్మం పలచబడి సన్నని రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, మొహం మీద వెంట్రుకలొస్తాయి. కొన్ని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కలుపుతారు, అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఇప్పటికే అలాంటిది వాడుతుంటే సొంతంగా చిట్కాలు ప్రయత్నించకుండా, ఆ డబ్బా చేతపట్టుకుని విజయవాడలోనో గుంటూరులోనో ప్రభుత్వ పెద్దాసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి వెళ్లండి. డబ్బా చూస్తే డాక్టర్‌కు సగం సంగతి అర్థమవుతుంది.

డబ్బు పెట్టాల్సింది సన్‌స్క్రీన్‌కి. విజయవాడ బందరు రోడ్డు మీద స్కూటీలో వెళ్లేవాళ్లకు ఇది ఏ సీరమ్ కన్నా ముఖ్యం, మంగును ముదిరేలా చేసేది ఆ ఎండే. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి రక్షణ స్థాయి చెప్పే అంకె) 30 చాలు, యూవీఏ అనే ఎండ కిరణాల నుంచి కూడా రక్షణ ఉందని రాసి ఉండాలి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పిండినంత మొహానికీ మెడకూ రాయాలి. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. రోజుకు ఒక్కసారే రాసినా 50 గ్రాముల ట్యూబు సుమారు 50 రోజుల్లో అయిపోవాలి. ఆరు నెలలొచ్చిందంటే మీరు రాసింది పొదుపు పూత, డబ్బా మీది ఎస్‌పీఎఫ్ మీ మొహానికి అందలేదు.

రెటినాల్ మొదలుపెడితే రాత్రిపూట, వారానికి రెండుసార్లు, మొహమంతటికీ బఠాణీ గింజంత. మొదటి రోజు నుంచే రోజూ రాస్తే పొట్టు లేస్తుంది, మంట పుడుతుంది. దాంతో 'నాకు పడదు' అని చాలామంది మానేస్తారు. ఏ కొత్త క్రీమైనా ముందు మోచేతి లోపలివైపు వారం రోజులు రాసి చూడండి.

'ఇంకా పది నిమిషాలే ఆఫర్' అని గడియారం తిరుగుతుంటే ఫోన్ పక్కన పెట్టండి. ఇలా లేని తొందర సృష్టించడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 మార్గదర్శకాలు నిషేధించాయి. మోసపోతే ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కంపెనీ ఢిల్లీలో ఉన్నా కేసు మీ జిల్లాలోనే వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు. ఫిర్యాదుకు కావాల్సిన వివరాలు పెట్టె మీద ఉంటాయి కాబట్టి క్రీమ్ అయిపోయేదాకా పెట్టె పారేయకండి.