విమాన దూరం, ప్రయాణ సమయం – 3వ పాఠం: టికెట్ మీద గంటలు

పోయిన పాఠంలో ఇచ్చిన టోక్యో నరిటా విమానాశ్రయం – లాస్ ఏంజెలెస్ దూరం లెక్క చాలామందికి 2,000 కిలోమీటర్ల దగ్గర తేలింది. మధ్యలో పసిఫిక్ మహాసముద్రం మొత్తం ఉంది, అంత తక్కువ రాదు. సమయం జోలికి వెళ్లేముందు ఇది సరిచేసుకుందాం.

అక్షాంశాలు, రేఖాంశాల నుంచి భూమి కేంద్రం దగ్గర రెండు ఊళ్ల మధ్య కోణం కట్టే సూత్రం బాగానే వేశారు. నరిటా తూర్పు రేఖాంశం 140.39, లాస్ ఏంజెలెస్ పశ్చిమ రేఖాంశం 118.41. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి 21.98 పట్టుకున్నారు, అక్కడే దెబ్బతింది. పశ్చిమానికి మైనస్ పెడితే తేడా 258.80, 180 దాటింది కాబట్టి 360లోంచి తీసేయండి, 101.20. ఇప్పుడు కోణం 78.7 డిగ్రీలు వస్తుంది. డిగ్రీకి 111.2 చొప్పున సుమారు 8,750 కిలోమీటర్లు. ఇది కాక మరీ వింత అంకెలు వచ్చినవాళ్లు క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో (కోణానికి మరో కొలత) ఉందేమో చూసుకోండి.

సమయానికి నేను వాడే అడ్డదారి ఇది: దూరాన్ని గంటకు 850 కిలోమీటర్ల వేగంతో భాగించి, రన్‌వే దాకా వెళ్లడానికీ విమానం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ ఓ అరగంట కలపడం. ఇక్కడ 10 గంటల 50 నిమిషాల దాకా వస్తుంది. జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తులో వేగంగా వీచే గాలి) పడమర నుంచి తూర్పుకు వీస్తుంది కనుక, లాస్ ఏంజెలెస్ వెళ్లేటప్పుడు 10 గంటల దగ్గరికి తగ్గుతుంది, తిరిగొచ్చేటప్పుడు 11న్నర దాటుతుంది.

ఇక అసలు చిక్కు. టికెట్ మీద ఉన్న రెండు టైముల్నీ నేరుగా తీసివేయొద్దు. ఎన్నిసార్లు చెప్పినా ఇదే జరుగుతోంది. జనవరిలో నరిటాలో సాయంత్రం 5కి బయల్దేరి, అదే తేదీన పొద్దున 10కి లాస్ ఏంజెలెస్‌లో దిగుతారు. తీసివేస్తే మైనస్ 7 గంటలు! దానికి 24 కలిపి 17 అనేస్తారు. అదీ తప్పే. ముందు రెండింటినీ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతా ప్రమాణంగా పెట్టుకున్న సమయంలోకి, మార్చండి. జపాన్ యూటీసీకి 9 గంటలు ముందు, కాబట్టి బయల్దేరింది 08:00. లాస్ ఏంజెలెస్ చలికాలంలో 8 గంటలు వెనక, కాబట్టి దిగింది 18:00. ప్రయాణం 10 గంటలు. తిరుగు ప్రయాణంలో తేదీ ఒకటి ముందుకు జరుగుతుంది: మధ్యాహ్నం 12కి ఎక్కి 11 గంటల 40 నిమిషాలు ఎగిరితే, నరిటాలో మర్నాడు సాయంత్రం 4:40. వేసవిలో లాస్ ఏంజెలెస్ గడియారం గంట ముందుకు జరుగుతుంది, జపాన్‌ది కదలదు. అందుకే టికెట్ తేదీ చూడకుండా రెండు ఊళ్ల గడియారాల తేడా 17 గంటలని బట్టీ పట్టొద్దు, జులైలో అది 16.

అభ్యాసం: ఆక్లాండ్ (దక్షిణం 37.01, తూర్పు 174.79) నుంచి శాంటియాగో (దక్షిణం 33.39, పశ్చిమం 70.79). దక్షిణానికీ మైనస్సే. దూరం కట్టండి. డిసెంబరులో ఆక్లాండ్ యూటీసీకి 13 గంటలు ముందు, శాంటియాగో 3 గంటలు వెనక. సాయంత్రం 6:30కి బయల్దేరి 11 గంటలు ఎగిరితే అక్కడ ఏ తేదీన, ఎన్నింటికి దిగుతారు? తర్వాత జులైకి మళ్లీ చేయండి. రెండు ఊళ్లూ అప్పుడు ఒక్కో గంట వెనక్కి జరుగుతాయి, దాంతో ఏది మారిందో, ఏది మారలేదో రాసి పెట్టుకోండి.