లెక్కలు కష్టమనిపించేవాళ్లు ప్రీమెడ్ ఎలా చదవాలి

అమెరికాలో ప్రీమెడ్, అంటే మెడికల్ స్కూల్‌కు ముందు కాలేజీలో చదివే కోర్సులు, చదివేవాళ్లకు లెక్కలు మొదట అడ్డుపడేది జనరల్ కెమిస్ట్రీలో. మోల్ లెక్క తప్పిన విద్యార్థికి చాలాసార్లు కెమిస్ట్రీ తెలిసే ఉంటుంది. భిన్నం తలకిందులు చేయడం మరిచిపోవడమో, ఘాతాలు కలపాల్సిన చోట తీసేయడమో జరుగుతుంది. అందుకే ఆ కోర్సు మొదలయ్యే ముందు వేసవిలో ఆరు వారాలు, రోజుకు 40 నిమిషాలు కూర్చోండి. నిష్పత్తులు, ఘాతాలు, లాగ్‌లు, సూత్రంలో కావలసిన అక్షరాన్ని ఒక పక్కకు తేవడం, ఈ నాలుగే చేయండి. హైస్కూల్ పుస్తకం చాలు.

మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో కాలిక్యులస్ రాదు. కొన్ని మెడికల్ స్కూళ్లు మాత్రం ఆ కోర్సు అడుగుతాయి, మరికొన్నింటికి స్టాటిస్టిక్స్ సరిపోతుంది. మీరు అనుకుంటున్న స్కూళ్ల షరతులు మొదటి సంవత్సరంలోనే చూసుకోండి. రెండింటిలో ఒకటే చాలంటే స్టాటిస్టిక్స్ తీసుకోండి, ఎంక్యాట్‌లో ఇచ్చే ప్రయోగాల పట్టికలు, గ్రాఫులు చదవడానికి పనికొస్తుంది.

ఏ లెక్కల కోర్సుతో మొదలుపెట్టాలో తేల్చే కాలేజీ ప్లేస్‌మెంట్ పరీక్షలో మీకు ప్రీకాలిక్యులస్ వస్తే అక్కడే మొదలుపెట్టండి, నామోషీ పడకండి. మెడికల్ స్కూళ్లకు ఉమ్మడిగా పంపే ఆమ్‌కాస్ దరఖాస్తులో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్ గ్రేడ్లకు విడిగా జీపీఏ (గ్రేడ్ల సగటు) కడతారు. కోర్సు మళ్లీ చదివినా పాత గ్రేడు పోదు, రెండూ లెక్కలోకి వస్తాయి. రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో వచ్చిన గ్రేడూ ఇలాగే లెక్కలోకి వస్తుంది.

ఎంక్యాట్‌లో కాలిక్యులేటర్ ఇవ్వరు. కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఉండే విభాగంలో 95 నిమిషాల్లో 59 ప్రశ్నలు. కాబట్టి మొదటి సెమిస్టర్ నుంచే హోంవర్క్ ముందు చేత్తో చేసి, తర్వాతే కాలిక్యులేటర్‌తో సరిచూసుకోండి.

ఒక లెక్క చూద్దాం. 0.1 మోలార్ బలహీన ఆమ్లం, కేఏ (ఆమ్లం ఎంత బలమైనదో చెప్పే స్థిరాంకం) విలువ 1.6 × 10⁻⁴. పీహెచ్ ఎంత? రెండూ గుణిస్తే 1.6 × 10⁻⁵. హైడ్రోజన్ అయాన్ల గాఢత కోసం దానికి వర్గమూలం కావాలి. ఘాతం బేసి సంఖ్య కావడంతో ఇక్కడే చాలామంది ఆగిపోతారు. దాన్ని 16 × 10⁻⁶ అని రాసుకోండి, వర్గమూలం 4 × 10⁻³ అని వెంటనే వస్తుంది. లాగ్ 2 అంటే 0.3, కాబట్టి లాగ్ 4 అంటే 0.6. పీహెచ్ 3 − 0.6, అంటే 2.4. తొందరలో కలిపేసి 3.6 అంటారు. హైడ్రోజన్ అయాన్లు 10⁻³ కంటే ఎక్కువున్నాయి, అంటే ఆమ్లత్వం ఎక్కువ, పీహెచ్ 3 కంటే తగ్గాలి. జవాబు 3 కంటే తగ్గిందా అని ఒక్క ప్రశ్న వేసుకుంటే తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. లాగ్ 3 విలువ 0.48 కూడా నోటికి రావాలి.

ఫిజిక్స్‌లో గురుత్వ త్వరణం 9.8ని 10గా తీసుకోవచ్చు. జవాబులు దగ్గరదగ్గరగా ఉంటే మాత్రం జాగ్రత్త. ఇలా సంఖ్యలను సులువు చేసుకునేటప్పుడు, గుణకారంలో ఒక సంఖ్యను పెంచితే రెండోదాన్ని తగ్గించండి. భాగహారంలో రెండింటినీ ఒకే వైపుకు జరపండి.