రాష్ట్రపతి ఎన్నిక – మూడో పాఠం: ఓటు విలువ కట్టడం, కోటా తేల్చడం

పోయిన పాఠంలో రాష్ట్రపతి ఎన్నికలో ఓటు ఎవరికుంటుందో చూశాం. పార్లమెంటు ఉభయసభల్లో ఎన్నికైన సభ్యులకు, రాష్ట్రాలతో పాటు ఢిల్లీ, పుదుచ్చేరి శాసనసభల్లో ఎన్నికైన సభ్యులకు మాత్రమే ఓటు. ఎమ్మెల్సీకి లేదు. నల్లగొండ–ఖమ్మం–వరంగల్ పట్టభద్రుల స్థానం నుంచి లక్షల మంది ఓట్లతో గెలిచినా సరే, రాష్ట్రపతి ఎన్నికలో ఆయన ఓటరు కాడు. నామినేటెడ్ ఎంపీలకూ ఇక్కడ ఓటు లేదు, ఉపరాష్ట్రపతి ఎన్నికలో మాత్రం ఉంటుంది. పరీక్షల్లో ఎక్కువ మంది పొరబడేది ఈ తేడా దగ్గరే.

ఈసారి కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోండి. తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ 132, ఎంపీ ఓటు విలువ 700 అని బట్టీ పట్టినవాళ్లు ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే తడబడతారు. భాగహారం ఒక్కసారి చేత్తో చేస్తే ఆ బాధ ఉండదు.

ఎమ్మెల్యే ఓటు విలువ కట్టే సూత్రం రాజ్యాంగం 55వ అధికరణలో ఉంది. రాష్ట్ర జనాభాను ఎన్నికైన ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించాలి, వచ్చినదాన్ని మళ్లీ 1000తో భాగించాలి. శేషం 500 గానీ అంతకు మించి గానీ ఉంటే ఒకటి కలపాలి, తక్కువుంటే వదిలెయ్యాలి.

తెలంగాణకు వేద్దాం. 1971 లెక్కల ప్రకారం ఈ ప్రాంత జనాభా 1,57,02,122. దాన్ని 119తో భాగిస్తే 1,31,950 వస్తుంది, 72 మిగులుతుంది. ఆ 72తో మనకు పనిలేదు. 1,31,950ని 1000తో భాగిస్తే 131, శేషం 950. ఐదొందలు దాటింది కాబట్టి ఒకటి కలిపి 132. మన ఎమ్మెల్యే ఓటు విలువ అదే. 119 మందికి కలిపి 15,708.

ఇప్పుడు మన జిల్లాలకు తెచ్చుకోండి. ఉమ్మడి నల్లగొండలో 12 స్థానాలు, అంటే 1,584. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 14 స్థానాలు, 1,848. రాష్ట్రం విడిపోకముందు 4,35,02,708 మందికి 294 స్థానాలుండేవి, ఓటు విలువ 148. అప్పుడు అదే నల్లగొండ 12 మంది బలం 1,776. నియోజకవర్గాలు మారలేదు, ఎమ్మెల్యేల సంఖ్య మారలేదు, భాగహారంలో పై అంకె, కింది అంకె మాత్రం మారాయి. ఆంధ్రప్రదేశ్‌కు 2,78,00,586ని 175తో భాగించి చూడండి, 159 వస్తుంది.

లెక్క తప్పేది రెండు చోట్ల. మొదటిది జనాభా. 2011 లెక్క తీసుకుని సుమారు మూడున్నర కోట్లు వేస్తే జవాబు 294 దగ్గర తేలుతుంది. 294 ఉమ్మడి రాష్ట్ర స్థానాల సంఖ్య కూడా కావడంతో, ఎక్కడో చూసిన అంకెలా అనిపించి సరైనదేనని రాసేస్తారు. జనాభా అదుపు చేసిన రాష్ట్రాలు నష్టపోకూడదని 1976లో 42వ సవరణ 1971 లెక్కను ఖాయం చేసింది. 2001లో 84వ సవరణ దాన్ని 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వెలువడే దాకా పొడిగించింది. దక్షిణాది రాష్ట్రాలకు ఈ ఏర్పాటు ఎంత ముఖ్యమో సూత్రం చేతికొస్తే మీకే తెలుస్తుంది.

రెండోది కింది అంకె. పాత గైడ్లలో తెలంగాణ శాసనసభ బలం 120 అని ఉంటుంది. అందులో ఒకరు నామినేటెడ్ ఆంగ్లో ఇండియన్ సభ్యుడు. 104వ సవరణతో 2020లో ఆ నామినేషన్ ఆగింది. ఆగకముందు కూడా ఆయన్ని ఈ లెక్కలో పట్టకూడదు. 120తో భాగిస్తే 131 వస్తుంది, ఒక్క అంకెతో మార్కు పోతుంది.

ఎంపీ ఓటు విలువ తేలిక. ఎమ్మెల్యేలందరి ఓట్ల విలువను ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగించాలి. 2022లో 5,43,231ని 776తో భాగిస్తే 700. 2017లో అది 708. జమ్మూకశ్మీర్‌లో 2022 నాటికి శాసనసభ లేకపోవడం వల్ల విలువ తగ్గింది.

ఇక కోటా, అంటే గెలవడానికి కావాల్సిన ఓట్ల విలువ. చెల్లిన ఓట్ల విలువను రెండుతో భాగించి, శేషం వదిలేసి, ఒకటి కలపాలి. "చెల్లిన" అన్న మాట కింద గీత గీసుకోండి. 2022లో ఓటర్లందరి విలువ 10,86,431 అయినా, చెల్లినవి 10,56,980. కాబట్టి కోటా 5,28,491. ద్రౌపది ముర్ముకు 6,76,803 వచ్చాయి, యశ్వంత్ సిన్హాకు 3,80,177. చెల్లని ఓట్లు 53, ఇది బ్యాలెట్ల సంఖ్య, విలువ కాదు. ఎంపీకి ఆకుపచ్చ బ్యాలెట్, ఎమ్మెల్యేకు గులాబీ రంగుది ఇస్తారు. మొదటి ఎంపిక ఎవరు, రెండోది ఎవరు అన్న ప్రాధాన్యాన్ని పేరు ఎదురుగా అంకెలోనే వెయ్యాలి. తెలుగు అంకె ౧ వేసినా చెల్లుతుంది, "ఒకటి" అని అక్షరాల్లో రాస్తే చెల్లదు.

మొదటి లెక్కింపులో కోటా ఎవరికీ రాకపోతే ఏం చేస్తారో 1969 చూపిస్తుంది. పోటీలో 15 మంది. చెల్లినవి 8,36,337, కోటా 4,18,169. వి.వి.గిరికి 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769. గిరికి ఇంకా 16,654 కావాలి. అప్పుడు అందరికన్నా తక్కువ వచ్చినవారిని ఒక్కొక్కరినే తప్పిస్తూ, వారి బ్యాలెట్లలో తర్వాతి ప్రాధాన్యం ఎవరికుంటే వారికి అదే విలువతో కలుపుతూ వచ్చారు. అలా సంజీవరెడ్డికి 91,879 కలిశాయి, గిరికి 18,562 మాత్రమే. అయినా కోటా దాటింది గిరే: 4,20,077. సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగారు. ఈ రెండూ కూడితే 8,25,504 అవుతుంది, 8,36,337 కాదు. తేడా 10,833 ఏమైందంటారా? వాటిపై మిగిలిన ఇద్దరిలో ఎవరికీ ప్రాధాన్యం వెయ్యలేదు, కాబట్టి ఎవరి ఖాతాలోకీ చేరలేదు.

అసలు ఆ ఎన్నిక గడువుకు ముందే ఎందుకొచ్చిందో, పదవిలో ఉన్న రాష్ట్రపతి మరణిస్తే కుర్చీ ఎవరికి, ఎన్నాళ్లకో నాలుగో పాఠంలో చూద్దాం. అప్పటిదాకా ఒక లెక్క: కృష్ణ దాటితే వచ్చే కర్ణాటకకు 1971లో జనాభా 2,92,99,014, శాసనసభ స్థానాలు 224. ఎమ్మెల్యే ఓటు విలువ కట్టండి. 130 వస్తే శేషం దగ్గర ఒకటి కలపడం మరిచారన్నమాట. 131 రావాలి.