గీజర్ చప్పుడు చేస్తోందా? ఎప్పుడు చేస్తోందో ముందు చూడండి

భోగికి రెండు రోజుల ముందు తెల్లారకుండానే అమ్మ లేపేసింది. "ఏట్రా ఇది, బాత్రూంలో పేలాలు వేగినట్టు చప్పుడొస్తంది!" విజయనగరంలో మా ఇంట్లో స్నానాలకి, బట్టలకి బోరు నీళ్లే. బకెట్ అంచున తెల్లగా కట్టే సున్నం చూస్తూనే ఉన్నాం, అదే గీజర్ లోపల కూడా కడుతుందని మాత్రం తట్టలేదు.

చప్పుడు ఎలా ఉందన్నదాని కంటే ఎప్పుడు వస్తోందన్నదే ముఖ్యం. స్విచ్ వేసిన కొన్ని నిమిషాలకి మొదలై, నీళ్లు వేడెక్కేకొద్దీ చిటపటలు, గుడగుడలు పెరిగి, ఎర్ర లైటు ఆరాక తగ్గిపోతే అది సున్నమే. నీళ్లు వేడిచేసే రాడ్డు మీద కట్టిన పొర కింద నీళ్లు ఇరుక్కుని, అక్కడికక్కడే ఆవిరై, బుడగలు పగులుతుంటాయి. దీనికి రేపే పేలిపోతుందన్న టెన్షన్ అక్కర్లేదు, కానీ అలాగే వదిలేస్తే వేడి బయటికి పోక రాడ్డు లోపల్లోపలే కాలిపోతుంది.

'టక్' మని ఒక్కసారి వినిపిస్తే, నీళ్లు కావలసినంత వేడెక్కాక కరెంటు ఆపే థర్మోస్టాట్ అది, పట్టించుకోకండి. గోడలో టిక్ టిక్ మంటే వేడికి పైపు సాగుతోంది. కుళాయి టక్కున కట్టినప్పుడే 'ధడ్' మంటే గీజర్ తప్పేం లేదు, పరిగెడుతున్న నీళ్లు ఒక్కసారి ఆగి పైపుని కొడుతున్నాయి. ప్రెషర్ పంపు పెట్టించిన ఇళ్లలో ఇది ఎక్కువ. కుళాయి నెమ్మదిగా కట్టి చూడండి, పైపుకి క్లాంపులు వదులయ్యాయేమో చూడండి.

వేడెక్కేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి నాలుగు చుక్కలు పడటం మామూలే, నీళ్లు వేడికి వ్యాకోచిస్తాయి కదా. కారుతోందని దానికి బిరడా కొట్టిన మహానుభావులూ ఉన్నారు, ఆ పని మాత్రం చెయ్యకండి. లైటు ఆరకుండా, బుస్సుమని ఆవిరి ఆగకుండా వస్తుంటే థర్మోస్టాట్ పోయిందని అనుమానించాలి. వెంటనే ఎంసీబీ (కరెంటు బోర్డులో గీజర్‌కి కరెంటు ఆపే స్విచ్) దించి, బాత్రూంలోంచి బయటికొచ్చి, పూర్తిగా చల్లారేదాకా దాని జోలికి వెళ్లకండి.

జుయ్‌మని చప్పుడు ప్లగ్గు దగ్గర వస్తే అది నీళ్ల సంగతి కాదు. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, సాకెట్ వదులైతే వేడెక్కి నల్లబడుతుంది. ప్లగ్గు ముట్టుకోకుండా ఎంసీబీ దించి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

మా దానికి మెకానిక్ వచ్చాడు. కరెంటు తీసి, చల్లారనిచ్చి, నీళ్లన్నీ దించి రాడ్డు లాగితే, వేలంత లావుగా సున్నం! స్క్రూడ్రైవర్‌తో గీకబోతే ఆపాను. రాడ్డు పైతొడుగుకి గాటు పడితే షాక్ కొట్టే ప్రమాదం ఉంది. కరెంటు కనెక్షన్లు తడవకుండా, రాడ్డు వరకే గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి నానబెడితే నురగ కక్కుతూ పెచ్చులూడిపోయింది. పక్కనే ఉండే మెగ్నీషియం కడ్డీని కూడా చూడండి, ట్యాంకు తుప్పు పట్టకుండా ముందు తానే కరిగిపోయేది అదే. మాది పుల్లలా మిగిలితే కొత్తది వేయించాం. మళ్లీ బిగించాక వేడినీళ్ల కుళాయిలో నీళ్లు ధారగా వచ్చేదాకా స్విచ్ వెయ్యకండి, ఖాళీ ట్యాంకులో రాడ్డు నిమిషాల్లో మాడిపోతుంది.

డయల్ 75 మీద ఉంటే 60కి తగ్గించండి, ఎంత వేడైతే సున్నం అంత త్వరగా కడుతుంది. ఆ పెచ్చులు మగ్గులో పోసి చూపిస్తే అమ్మ, "ఇన్నాళ్లూ దీంతోనా మనం స్నానాలు చేసింది?" అంది.