ఇంట్లో, ఊళ్ళో తీసిన ఫోటోలను నాలుగైదు స్టాక్ సైట్లలో అమ్మడం ఎలా?

ఉగాది శుభాకాంక్షల పోస్టరు వేయాల్సిన డిజైనరు సాధారణంగా ఫోటోగ్రాఫరును పిలవడు. అందరూ పెట్టిన ఫోటోలు కొనుక్కునే ఏదో ఒక స్టాక్ సైట్‌లో "ఉగాది" అని కొట్టి, వచ్చినవాటిలో నచ్చిన ఫోటోను డౌన్‌లోడ్ చేసుకుంటాడు. నేను మొదటిసారి అలా వెతికినప్పుడు మరాఠీ వాళ్ళ గుడి పడ్వా ఫోటోలు, ఏ పండగకైనా సరిపోయే బంతిపూల దండలు వరసగా వచ్చాయి. వేపపువ్వు, మామిడి ముక్కలు కనిపించే పచ్చడి గిన్నె కోసం చాలా కిందికి వెళ్ళాల్సి వచ్చింది. ఆ రోజే నాకు ఈ పని మీద మనసు పడింది. మన వంటిల్లు, మన పొలం, మన పండగ ఎలా ఉంటాయో తెలిసినవాళ్ళం మనమే. వాటిని శుభ్రంగా తీసి, సరైన పేరు రాసి పెడితే కొనేవాళ్ళకు దొరుకుతాయి.

ముందు డబ్బు సంగతి చెప్పుకుందాం, ఎందుకంటే ఆశలన్నీ అక్కడే ఉంటాయి. స్టాక్ సైట్‌లో మీరు ఫోటోను శాశ్వతంగా అమ్మేయరు. కాపీరైటు మీదే, వాడుకునే అనుమతి మాత్రమే కొంటారు. అందుకే ఒకే ఫోటో వంద మందికి అమ్ముడుపోవచ్చు. చందా కట్టిన కస్టమరు ఒక ఫోటో దించుకుంటే మీకు వచ్చేది మాత్రం సెంట్లలోనే. అడోబ్ స్టాక్‌లో చందా డౌన్‌లోడ్‌కు కనీసం 33 సెంట్లు, షట్టర్‌స్టాక్‌లో కనీసం 10 సెంట్లు. అడోబ్‌లో డబ్బు తీసుకోవాలంటే ఖాతాలో 25 డాలర్లు ఉండాలి. అంటే కనీస రేటు మీద సుమారు 76 డౌన్‌లోడ్లు. అప్పుడప్పుడు పెద్ద లైసెన్సు (ఎక్కువ వాడకానికి ఇచ్చే అనుమతి) అమ్ముడై ఒకేసారి కొన్ని డాలర్లు వస్తాయి, కానీ దాన్ని నమ్ముకుని లెక్కలు వేసుకోకూడదు. ఉద్యోగం మానేసి చేసే పని కాదిది. పక్కన ఏళ్ళ తరబడి ఓపికగా పెంచుకునే పని.

ఏ సైట్లు, ఎన్ని?

ఒక్క సైట్‌నే నమ్ముకోవద్దని నేను గట్టిగా చెబుతాను. దానికి ఈ వ్యాపారం చరిత్రే కారణం. కెనడాలోని కాల్గరీలో 2000లో మొదలైన ఐస్టాక్‌ఫోటోను 2006లో గెట్టీ ఇమేజెస్ 5 కోట్ల డాలర్లకు కొన్నది. ఫోటోలియా అనే స్టాక్ సైట్‌ను అడోబ్ కొని, 2015లో అడోబ్ స్టాక్ తెరిచింది. 2003లో న్యూయార్క్‌లో పుట్టిన షట్టర్‌స్టాక్ 2020 జూన్‌లో చెల్లింపు పద్ధతిని మార్చేసింది. అప్పటి నుంచి ఫోటోగ్రాఫరు వాటా 15 శాతం నుంచి 40 శాతం దాకా ఆరు మెట్లుగా ఉంటుంది. ఏడాదిలో మొదటి వంద డౌన్‌లోడ్లకు 15 శాతమే. ప్రతి జనవరి 1న అందరూ మళ్ళీ కింది మెట్టుకే వస్తారు. గెట్టీ, షట్టర్‌స్టాక్ రెండూ విలీనమవుతామని 2025 జనవరిలో ప్రకటించాయి. ఈ నిర్ణయాల్లో ఫోటోలు పెట్టేవాళ్ళ మాట నడవదు. నాలుగు చోట్ల పెట్టుకున్నవాడికి ఒక చోట రేటు తగ్గినా మిగిలిన మూడు ఉంటాయి.

నా సలహా ఇది. అడోబ్ స్టాక్, షట్టర్‌స్టాక్‌తో మొదలుపెట్టండి. అడోబ్ ఫోటోలకు 33 శాతం ఇస్తుంది, లెక్క సులభంగా అర్థమవుతుంది. జాతరలు, వీధులు, సభల వంటి వార్తా ఫోటోలు ఎక్కువ తీసేవాళ్ళయితే 1999లో బ్రిటన్‌లో మొదలైన అలామీని కలుపుకోండి. అక్కడ అమ్మకాలు తక్కువ, కానీ ఒక్కో అమ్మకానికి వచ్చే మొత్తం సాధారణంగా ఎక్కువ. మీ దగ్గర నూటయాభై, రెండు వందల మంచి ఫోటోలు చేరాక డ్రీమ్స్‌టైమ్, డిపాజిట్‌ఫోటోస్, 123ఆర్ఎఫ్ చూడండి. ఐస్టాక్‌లో మామూలు సభ్యుడికి ఫోటో మీద వచ్చేది 15 శాతం. తక్కువే, అయినా కొనేవాళ్ళు ఉన్న సైటు.

ఒక్క జాగ్రత్త. ఖాతా తెరిచేటప్పుడు, ఫోటో పెట్టేటప్పుడు "ఎక్స్‌క్లూజివ్" అన్న మాట కనిపిస్తే ఆగి పూర్తిగా చదవండి. దానికి ఒప్పుకుంటే ఎక్కువ శాతం ఇస్తారు, కానీ ఆ ఫోటోనో, కొన్ని చోట్ల మీ రాయల్టీ ఫ్రీ (ఒకసారి కొని మళ్ళీ మళ్ళీ వాడుకునే) ఫోటోలన్నిటినో ఇంకెక్కడా అమ్మకూడదు. నాలుగు సైట్లలో పెట్టాలనుకునేవాళ్ళు నాన్-ఎక్స్‌క్లూజివ్‌గానే ఉండాలి.

ఏం తీయాలి?

సూర్యాస్తమయాలు, గులాబీలు, పిల్లి ఫోటోలు ఆ సైట్లలో లెక్కలేనన్ని ఉన్నాయి. వాటితో పోటీ పడటం కష్టం. మీ ఇంట్లో ఏముందో చూడండి. మే నెలలో ఆవకాయ పెడుతుంటే కాయలు తుడవడం, కత్తిపీట మీద ముక్కలు కొట్టడం, ఆవపిండి, కారం, ఉప్పు పళ్ళెంలో కుప్పలుగా పోయడం, నూనె కలపడం, జాడీకి గుడ్డ కట్టడం ఇవన్నీ విడివిడి ఫోటోలు. చేతులు మాత్రమే కనిపిస్తాయి కాబట్టి మనుషుల అనుమతి తలనొప్పి కూడా ఉండదు. అలాగే పెసరట్టు, గోంగూర, కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు, ముగ్గు వేస్తున్న వేళ్ళు, గొబ్బెమ్మలు, బతుకమ్మ పేర్చడం, ఏటికొప్పాక లక్క బొమ్మలు.

పండగలే అక్కర్లేదు. చిన్న కిరాణా కొట్టులో ఫోను మీద డబ్బు చెల్లించడం, ఇంట్లో తాతకు బీపీ చూడటం, అద్దె గదిలో పోటీ పరీక్షలకు చదువుకోవడం వంటివి పత్రికలకూ కంపెనీలకూ ఏడాది పొడవునా పనికొస్తాయి. నా అనుభవంలో పండగ ఫోటో ఒక నెల అమ్ముడవుతుంది, ఇలాంటివి పన్నెండు నెలలూ నెమ్మదిగా పోతుంటాయి.

తీసేటప్పుడు కొనేవాడు ఏం చేస్తాడో ఊహించండి. వాడు దాని మీద అక్షరాలు వేస్తాడు. అందుకని గిన్నెను ఫ్రేము మధ్యలో కాకుండా ఒక పక్కకు పెట్టి, రెండో పక్క ఖాళీ వదలండి. అదే దృశ్యాన్ని అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, దగ్గర నుంచి ఒకటి, పై నుంచి ఒకటి తీయండి. నాలుగు చాలు. కొద్దికొద్ది తేడాతో ఇరవై పంపితే "ఇవన్నీ ఒకేలా ఉన్నాయి" అని తిప్పి పంపుతారు.

ఇక పేర్లు, గుర్తులు. ప్రకటనలకు అమ్మే ఫోటోలో ఏ కంపెనీ పేరూ కనిపించకూడదన్నది అన్ని సైట్ల నియమం. మన ఇళ్ళలో ఇది అనుకున్నంత తేలిక కాదు. నా ఉగాది పచ్చడి ఫోటో మొదటిసారి వెనక్కి వచ్చింది. గోడ మీద క్యాలెండరు వేలాడుతోంది, దాని అడుగున బట్టల కొట్టు పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ ఏడాది వేపపువ్వు అప్పటికే రాలిపోయింది, మళ్ళీ తీయడానికి ఏడాది ఆగాను. గ్యాస్ పొయ్యి మీద బ్రాండు, మసాలా పొట్లం, చొక్కా జేబు మీద గుర్తు, గృహప్రవేశానికి ఇచ్చిన స్టీలు గిన్నె మీద చెక్కించిన పేరు, ఇవన్నీ నొక్కే ముందే చూసుకోండి. ఇత్తడి, మట్టి, అరటాకు అయితే ఈ బాధ ఉండదు, చూడటానికీ బాగుంటాయి.

మనుషులు ఉంటే

మొహం గుర్తుపట్టేలా ఉన్న ఫోటోను ప్రకటనలకు అమ్మాలంటే ఆ మనిషి సంతకం చేసిన మోడల్ రిలీజ్ పత్రం కావాలి. పత్రం నమూనా ప్రతి సైట్‌లోనూ దొరుకుతుంది. పిల్లలైతే అమ్మానాన్నలో ఒకరు సంతకం చేయాలి. మీ ఫోటో మీరే తీసుకున్నా పత్రం పెట్టాల్సిందే. ఒక చిత్రకారుడు వేసిన బొమ్మ, కొత్తగా చెక్కిన శిల్పం ఫోటోలో ప్రధానంగా ఉంటే వాళ్ళ అనుమతి పత్రం విడిగా కావాలి.

సంతకం తీసుకునే ముందు ఆ కాగితంలో ఏముందో వాళ్ళ భాషలో, వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పండి. ఇది నియమం కోసం చెప్పడం లేదు. ఊళ్ళో మా పెద్దమ్మ చేటతో బియ్యం చెరుగుతుంటే చాలా మంచి ఫోటో వచ్చింది. కాగితం తీసుకుని వెళ్తే "నా బొమ్మతో ఎవరికేం పనిరా?" అంది. "చీరల కొట్టువాళ్ళు వాడుకోవచ్చు, బ్యాంకు అప్పుల ప్రకటనలోనూ వేసుకోవచ్చు పెద్దమ్మా" అన్నాను. కాసేపు ఆలోచించి, "చీరలకైతే వేసుకోమను. అప్పుల కాగితాల మీద మాత్రం నా మొహం వద్దు నాయనా" అంది. ఎవరు కొంటారో, ఎక్కడ వేస్తారో మన చేతిలో ఉండదు, ఆ హామీ నేను ఇవ్వలేను. మొహం ఉన్న ఫోటో పెట్టలేదు. చేట, చేతులు, ఎగురుతున్న బియ్యం ఉన్నది పెట్టాను. మీరూ ఇలాంటి చోట సంతకం కోసం తొందరపడకండి.

సంతకాలు తీసుకోలేని జనం, దుకాణాల బోర్డులు ఉన్న ఫోటోలను ఎడిటోరియల్ విభాగంలో పెట్టొచ్చు. వాటిని వార్తలకు, పాఠాలకు వాడతారు, ప్రకటనలకు కాదు. చార్మినార్ 1591 నాటి కట్టడం, దానితో ఇబ్బంది లేదు. దాని చుట్టూ ఉన్న మొహాలు, బోర్డులే ఆ ఫోటోను ఎడిటోరియల్ చేస్తాయి. షట్టర్‌స్టాక్‌లో ఎడిటోరియల్ వివరణ ఊరు, దేశం, తేదీతో మొదలవ్వాలి. ఉదాహరణకు "హైదరాబాద్, ఇండియా - అక్టోబర్ 10, 2024: ట్యాంక్‌బండ్ మీద సద్దుల బతుకమ్మ ఆడుతున్న మహిళలు" అని ఇంగ్లిష్‌లో రాయాలి. రంగులు మార్చడం, మనుషులను చెరిపేయడం ఈ విభాగంలో చేయకూడదు.

ఫైలు సిద్ధం చేయడం

అడోబ్, షట్టర్‌స్టాక్ రెండింటికీ కనీసం 4 మెగాపిక్సెళ్ళ జేపెగ్ కావాలి. ఇప్పటి ఫోన్లు 12 మెగాపిక్సెళ్ళు తీస్తాయి కాబట్టి ఫోనుతోనూ మొదలుపెట్టొచ్చు, వెలుగు బాగుంటే. వాట్సాప్‌లో మామూలుగా పంపుకున్న ఫోటో చిన్నదైపోతుంది, దాన్ని పెట్టకండి. కంప్యూటరులో ఫోటోను నూరు శాతం జూమ్‌లో పెట్టి మూలమూలా చూడండి. ఫోకస్ తప్పిందా, నీడల్లో చుక్కలు చుక్కలుగా ఉందా, ఆకాశంలో సెన్సరు దుమ్ము మచ్చలు ఉన్నాయా, అంచుల్లో ఊదా రంగు గీత ఉందా? రంగులు ఎస్ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో ఉంచండి. తేదీ ముద్ర, మీ పేరు వాటర్‌మార్కు వద్దు.

పేరు, కీవర్డులు రాయడం

చాలామంది విసుగుతో వదిలేసేది ఈ పనే. నా లెక్కలో సగం అమ్మకం ఇక్కడే ఉంది. ఫోటో ఎంత బాగున్నా వెతుకులాటలో రాకపోతే ఎవరూ చూడరు.

వీటిని ఇంగ్లిష్‌లోనే రాయాలి. కానీ మన పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో తప్పకుండా చేర్చండి. బతుకమ్మ ఫోటోకు "పూలు, పండగ, ఇండియా" అని రాస్తే లక్షల ఫోటోల్లో కలిసిపోతుంది. బతుకమ్మ, తెలంగాణ, తంగేడు, గునుగు అని రాయండి. ఆ పేర్లు తెలియనివాళ్ళ కోసం తంగేడుకు సెన్నా ఆరిక్యులేటా, గునుగుకు సెలోషియా అన్న శాస్త్రీయ నామాలూ పెట్టండి. బతుకమ్మను ఇంగ్లిష్‌లో రెండు మూడు రకాలుగా రాస్తారు, అవన్నీ చేర్చండి. గోంగూరకు "సోరెల్ లీవ్స్" కూడా ఉండాలి. ఆ తర్వాత ఏం జరుగుతోంది, ఎక్కడ, ఏ రంగు, ఏ కోణం, రాతకు ఖాళీ ఉందా అన్నవి. షట్టర్‌స్టాక్ 7 నుంచి 50 కీవర్డులు తీసుకుంటుంది, అడోబ్ 49 వరకు. అడోబ్‌లో వరుసకు విలువ ఉంది, మొదటి పదీ అతి ముఖ్యమైనవి కావాలి. ఫోటోలో లేనిది రాయకండి. పులిహోర ఫోటోకు బిర్యానీ అని పెడితే ఆ మోసం కొనేవాడికి వెంటనే తెలుస్తుంది.

ఇదంతా సైటు సైటుకీ మళ్ళీ టైపు చేయనక్కర్లేదు. అడోబ్ బ్రిడ్జ్, డిజికామ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్కసారి శీర్షిక, వివరణ, కీవర్డులు రాస్తే అవి ఐపీటీసీ సమాచారంగా ఫైలులోనే నిలిచిపోతాయి. ఏ సైట్‌కు ఎక్కించినా అది చదువుకుంటుంది. ఐస్టాక్ మాత్రం తన సొంత పదాల పట్టికకు సరిపెట్టమంటుంది, అక్కడ కొంచెం అదనపు పని. ఎక్కువ ఫోటోలు ఉంటే ఫైల్‌జిల్లా వంటి ఎఫ్‌టీపీ (ఫైళ్ళు పంపే) సాఫ్ట్‌వేర్‌తో ఒక ఫోల్డరునే వరసగా చాలా సైట్లకు పంపొచ్చు.

ఒక సైటు కాదన్న ఫోటోను ఇంకో సైటు తీసుకోవడం మామూలే. కారణం చదవండి, ఫోకస్ అంటే వదిలేయండి, లోగో అంటే సరిచేసి మళ్ళీ పంపండి. టెన్షన్ పడాల్సిన పని లేదు.

పన్ను, బ్యాంకు

ఖాతా పాన్ కార్డులో ఉన్న పేరుతోనే తెరవండి. అమెరికా సైట్లు డబ్ల్యూ-8బెన్ అనే పన్ను ఫారం అడుగుతాయి. నింపకపోతే అమెరికాలో జరిగిన అమ్మకాల మీద 30 శాతం పన్ను కోస్తారు. పాన్ నంబరు ఇచ్చి, భారత్-అమెరికా పన్ను ఒప్పందాన్ని చూపితే రాయల్టీ మీద అది 15 శాతానికి తగ్గుతుంది. సంతకం చేసిన ఏడాది తర్వాత మూడేళ్ళు ఆ ఫారం చెల్లుతుంది, తర్వాత మళ్ళీ నింపాలి. డబ్బు పేపాల్ లేదా పయొనీర్ ద్వారా మీ బ్యాంకు ఖాతాలోకి వస్తుంది. మొత్తం చిన్నదైనా ఇక్కడి రిటర్నులో చూపండి. అక్కడ కోసిన పన్నును ఇక్కడ తగ్గించుకునే వీలుంది, ఆడిటరును అడగండి.

ఎప్పుడు పెట్టాలి?

పండగకు రెండు మూడు నెలల ముందే డిజైనర్లు వెతకడం మొదలుపెడతారు. సంక్రాంతి ముగ్గులు అక్టోబరుకల్లా, ఉగాదివి డిసెంబరు, జనవరికల్లా సైట్‌లో ఉండాలి. కానీ వేపపువ్వు, లేత మామిడికాయ వచ్చేది ఉగాదికి కాస్త ముందే కదా. అందుకని ఈ ఏడాది పచ్చడి కలిపేటప్పుడు తీసేది వచ్చే ఏడాదికి. గోడ మీది క్యాలెండరు తీసేసి, ఇత్తడి గిన్నెను కిటికీ వెలుగులో పెట్టుకోండి.