సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కి పగటి రైల్లో: వైజాగ్ అమ్మానాన్నలకి

అమ్మాయి సిడ్నీలో, అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటే, చూడటానికి వెళ్లిన మనకి ఆ రెండు ఊళ్ల మధ్య పిల్లలు విమానం బుక్ చేసేస్తారు. ఆరోగ్యం సహకరిస్తే ఒక్కసారి వద్దనండి. రైల్లో వెళ్లండి, అదీ పగటి బండిలోనే.

బండి పేరు ఎక్స్‌పీటీ. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. సిడ్నీ సెంట్రల్ నుంచి మెల్‌బోర్న్ సదరన్ క్రాస్ దాకా సుమారు 950 కిలోమీటర్లు, 11 గంటలు పడుతుంది. మనం సాయంత్రం గోదావరి ఎక్కి పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగినట్టే అనుకుని రాత్రి బండి తీసుకోకండి. అందులో స్లీపర్ బెర్తులు చాలా తక్కువ, అవి దొరక్కపోతే రాత్రంతా కుర్చీలోనే కూర్చోవాలి, పైగా దారంతా చీకట్లో పోతుంది.

టికెట్ ఈ బండిని నడిపే ఎన్‌ఎస్‌డబ్ల్యూ ట్రైన్‌లింక్ సైట్‌లో ముందే తీసుకోండి. జనరల్ బోగీ ఉండదు, ప్రతి సీటుకీ రిజర్వేషనే. ప్రయాణానికి ముందు రోజు ఇంకోసారి చూసుకోవాలి, ఎందుకంటే పట్టాల పని ఉన్న రోజుల్లో కొంత దూరం బస్సులో తీసుకెళ్తారు.

ఇక సామాను. మేం తడబడింది ఇక్కడే. విమానానికని 23 కిలోలు కట్టిన సూట్‌కేస్‌ని అలాగే తెచ్చేశాం, రైలు లగేజీకేమో పెట్టె ఒక్కింటికి 20 కిలోలే. సెంట్రల్ స్టేషన్ నేల మీద సూట్‌కేస్ పడుకోబెట్టి, మా ఆవిడ చీరల మధ్య నుంచి ప్రెషర్ కుక్కర్, కందిపొడి డబ్బా, రెండు ఆవకాయ సీసాలు ఒక్కొక్కటీ తీసి చేతిసంచిలోకి మారుస్తుంటే నాకు చెమటలు పట్టాయి. కాబట్టి అమ్మాయి ఇంట్లోనే తూకం వేసుకుని బయల్దేరండి, స్టేషన్‌కి గంట ముందే చేరండి. (ఆవకాయ అన్నాను కదా, ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు ఇచ్చే కార్డులో తినే వస్తువులున్నాయని తప్పకుండా టిక్ పెట్టండి, దాచొద్దు.)

బండిలో బఫే ఉంది కానీ చాయ్ చాయ్ అంటూ ఎవరూ రారు, మనమే లేచి వెళ్లి కొనుక్కోవాలి. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్తే నిశ్చింత. ఏసీ చల్లగా ఉంటుంది, శాలువా చేతిసంచిలోనే ఉంచుకోండి.

సెప్టెంబర్‌లో వెళ్తే కూటముండ్రా, జునీ, వాగా వాగా చుట్టుపక్కల కనోలా (ఆవాల జాతి నూనె పంట) చేలు పూసి ఉంటాయి. అరకులో వలిసె పూలు చూశారు కదా, అదే పసుపు, కాకపోతే ఇక్కడ కొండ అడ్డం లేకుండా కనుచూపు మేరా. తర్వాత ఆల్బరీ వస్తుంది, రాష్ట్రం సరిహద్దు ఊరు. ప్లాట్‌ఫాం ఎంత పొడవుందో గమనించండి. అప్పట్లో పట్టాల మధ్య దూరం (గేజ్) సిడ్నీ వైపు 1435 మిల్లీమీటర్లు, మెల్‌బోర్న్ వైపు 1600 ఉండేది, అందుకని 1962 దాకా జనమంతా ఇక్కడ దిగి బండి మారాల్సి వచ్చేదట.

తిరుగు ప్రయాణం కూడా రైల్లోనే అయితే జునీ దాటాక నిద్రపోకండి. బెతుంగ్రా దగ్గర సిడ్నీ వైపు వెళ్లే బండి కొండెక్కడానికి గుండ్రంగా చుట్టు తిరిగి, తను వచ్చిన పట్టాలనే పైనుంచి దాటుతుంది. కిటికీ సీటు అడగండి.